ఐదే నిమిషాలు సార్

హైదరాబాద్ అత్తాపూర్‌లో ఎవరినైనా అడ్రస్ అడిగితే వీధి పేరు కన్నా ముందు పిల్లర్ నంబరు చెబుతారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున్న పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో మొదలయ్యాక, దాన్ని మోస్తున్న స్తంభాలే ఇక్కడి దుకాణాలకు, ఆసుపత్రులకు, ఫంక్షన్ హాళ్ళకు గుర్తులయ్యాయి. అంతకు ఏడాదిన్నర ముందు, 2008 మార్చిలో తెరుచుకున్న శంషాబాద్ విమానాశ్రయానికి ఊరి జనం త్వరగా చేరాలని కట్టిన వంతెన అది. పైన అంతా తొందరే. కింద, ఆ పిల్లర్ల పక్కన బోర్డులు మెరిసే బార్ అండ్ రెస్టారెంట్లలో మాత్రం కాలం నడక వేరు. శనివారం రాత్రి ఒక ప్లేటు అపోలో ఫిష్ చెప్పి కూర్చుంటే, అది టేబుల్ మీదికి వచ్చేలోగా పైన కారులో బయల్దేరినవాడు శంషాబాద్ చేరి, బ్యాగు అప్పగించి, సెక్యూరిటీ వరసలో బెల్టు విప్పుతూ ఉంటాడు.

అలాంటి ఒక చోట, వంటగది తలుపుకు దగ్గరగా ఉన్న టేబుల్ దొరకబుచ్చుకుని కూర్చున్నారు ఒక బావ, ఒక బామ్మర్ది. పేర్లతో పని లేదు, వరస చాలు. బావ విమానాశ్రయంలో గ్రౌండ్ హ్యాండ్లింగ్ సూపర్‌వైజర్. విమానం వచ్చి ఆగినప్పటి నుంచి మళ్ళీ కదిలేదాకా దాని చుట్టూ జరిగే పనంతా వాచీ చూసుకుంటూ నడిపించడం ఆయన ఉద్యోగం. బామ్మర్ది పదిహేనేళ్ళు హోటల్ కిచెన్లలో చైనీస్ మాస్టర్‌గా చేసి, ఇప్పుడు ఉప్పర్‌పల్లిలో పెళ్ళి వంటల కాంట్రాక్టులు పడుతున్నాడు.

హాలు కిటకిటలాడుతోంది. టీవీలో క్రికెట్, ఒక మూల ఎవరిదో పుట్టినరోజు కేకు, ఇంకో మూల రియల్ ఎస్టేట్ బేరం. బావ ముందు ఫ్రెష్ లైమ్ సోడా ఉంది. తెల్లవారి ఐదింటికి షిఫ్టు; 2019 నుంచి పైలట్లకే కాక విమానం దగ్గర నేల మీద పనిచేసేవాళ్ళకు కూడా ఊపిరి పరీక్షలు పెట్టారు, ఎవరి వంతు ఏ రోజు వస్తుందో ముందు తెలియదు. బామ్మర్ది ముందు బీరు. సోడా, బీరు, వాటితోపాటు గుడాలు, కీరా ముక్కలు కూర్చున్న మూడు నిమిషాలకే వచ్చాయి. అపోలో ఫిష్, మటన్ రోస్ట్, తందూరి రోటీ చెప్పి మాత్రం ముప్పావుగంట దాటింది. అడిగినప్పుడల్లా వెయిటర్ అంటున్న మాట ఒకటే: ఐదే నిమిషాలు సార్.

"ఒక్కటే అడుగుత, జవాబు జెప్పు," అన్నాడు బావ. "నీ బీరు మూడు నిమిషాల్ల వచ్చింది. సగం అయ్యిందో లేదో, నువ్వు పిలవకముందే ఇంకోటి తేవాలా అని వచ్చి నిలబడ్డడు. గంత హుషారున్న మనిషి చేప ముచ్చట రాంగనే ఎందుకు మాయమైతడు?"

"బీరుకు వంట లేదు బావా. ఫ్రిజ్ తీసుడు, మూత తీసుడు, అయిపాయె. చేప గట్ల గాదు." బామ్మర్ది చేతులతోనే వండి చూపించాడు. ముల్లు తీసిన ముక్కలకు గుడ్డు, కార్న్‌ఫ్లోర్, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి ఉంచడం పొద్దుననే అవుతుంది. కానీ నూనెలో వేసేది ఆర్డరు వచ్చాకే. అది తీశాక వేరే కడాయిలో వెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు చిటపటలాడించి, పెరుగు పోసి, అది విరగకముందే ముక్కలు వేసి పెద్ద మంట మీద ఎగరేయాలి. పెరుగంతా ముక్కకు పట్టి ఆరాలి, ముక్క మాత్రం మెత్తబడకూడదు. "ఒక్క కడాయిల రెండు ప్లేట్లు, మహా అంటే మూడు. నాలుగోది ఏసినవంటే మంట చాలదు, నీళ్ళు ఊరుతయి, అప్పుడది అపోలో ఫిష్ గాదు, చేపల పులుసు."

"ప్లేటుకు ఎంతసేపు?"

"ఏడెనిమిది నిమిషాలు."

"మరి నలభై ఐదు ఎట్లయినయ్?"

బామ్మర్ది తడుముకోలేదు. "ముంగట ఉన్నోళ్ళవి కావొద్దా? ఒకటే చైనీస్ రేంజ్, ఇద్దరు మాస్టర్లు. ఈ హాల్ల టేబుళ్ళు నువ్వే లెక్కవెట్టుకో."

బావకు ఈ లెక్క కొత్త కాదు, కానీ ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఆయన రోజూ చూసేది వేరే లోకం. విమానం ఆగాక నూట ఎనభై మంది దిగుతారు, సామాన్లు దిగుతాయి, సీట్ల మధ్య చెత్త ఎత్తుతారు, ఇంధనం నింపుతారు, తిండి ట్రాలీలు ఎక్కిస్తారు, మళ్ళీ నూట ఎనభై మంది ఎక్కుతారు. చిన్న దేశీయ విమానాలకు ఇదంతా అరగంట, ముప్పావుగంటలో అయిపోవాలి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఎవరి వల్ల అయిందో కాగితం మీద రాయాలి. "గాల్లకు పోయే బండినే అరగంటల తయారు చేస్తున్నం. నేల మీద ఉన్న చేపకు ముప్పావుగంటనా?"

"మీ విమానంల తిండి సంగతి చెప్పకు బావా. డబ్బాల ఉప్మా, మీద వేడినీళ్ళు పోసి మూతవెట్టి ఐదు నిమిషాలు ఆగుమంటరు. గా తిండికి గా స్పీడు సరిపోతది."

పక్క టేబుల్ నుంచి ఎవరో నవ్వారు. బామ్మర్దికి ఊపొచ్చింది. త్వరగా వచ్చే కూరలన్నీ ముందే వండిపెట్టిన గ్రేవీ బకెట్ల మహిమేనని, ఎర్ర గ్రేవీ, తెల్ల గ్రేవీ, పచ్చ గ్రేవీ మూడింటితో ముప్పై పేర్లు పుట్టిస్తారని, అలాంటి చోట పది నిమిషాల్లో ప్లేటు వస్తుంది కానీ ఏది తిన్నా ఒకటే రుచి అని అన్నాడు. ఇక్కడ ఆలస్యం ఎందుకంటే మాస్టర్ నిజంగా వండుతున్నాడు. మంచి తిండి కావాలంటే కూర్చోవాలి.

ఇక్కడ బావ వేసిన దెబ్బ గట్టిది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడికి తప్ప తట్టని వాదం అది.

"హలీం ఎంతసేపు వండుతరు?" అని అడిగాడు.

"పది, పన్నెండు గంటలు."

"రంజాన్ల కౌంటర్ కాడ నిలబడితే ఎంతసేపట్ల చేతికి వస్తది?"

బామ్మర్ది మాట్లాడలేదు.

"ఒక్క నిమిషం గూడ పట్టదు. బిర్యానీ జూడు. మాంసం ఎప్పుడో నానవెట్టినరు, దమ్ము ఎప్పుడో ఇచ్చినరు, నువ్వు కూసోంగనే హండీల గరిటె వెట్టి తీసి ముంగట వెడుతడు. ఇరానీ చాయ్? డికాక్షన్ ఒకదిక్కు గంటలకొద్ది మరుగుతుంటది, పాలు ఇంకోదిక్కు. కప్పుల కలిపేటందుకు ఎంతసేపు? ఈ ఊళ్ళ అందరికంటే నిదానంగ వండే తిండి, అందరికంటే ఫాస్టుగ వస్తది. మంచిగ వండాలంటే మనిషిని కూసోవెట్టాలె అని ఎవడన్నడు? వాళ్ళ లేటు వాళ్ళు ముందే పడ్డరు. వీళ్ళు మన నెత్తిన వెట్టిన్రు."

2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న హైదరాబాదీ హలీంకు ఇంతకన్నా మంచి వకీలు దొరకడు. ఆలస్యం అనేది వంటలో ఎలాగూ ఉంటుంది. దాన్ని తినేవాడు రాకముందు ఉంచాలా, వచ్చాక ఉంచాలా అన్నదే ప్రశ్న. రాత్రంతా భట్టీ దగ్గర కట్టెలు ఎగదోసి, పొద్దున కర్రలతో మెదిపినవాడి ఓపిక మనకు కనిపించదు కాబట్టి అది మనకు వేగంలా అనిపిస్తుంది.

బామ్మర్ది ఓడిపోయేవాడే. మెనూ కార్డు అతణ్ణి కాపాడింది. టేబుల్ మీద నుంచి దాన్ని తీసి, ప్లాస్టిక్ తొడుగు మీది మరకలు తుడిచి, బావ ముందు తెరిచాడు. సూపులకే ఒక పేజీ. చైనీస్ స్టార్టర్లు వెజ్, నాన్‌వెజ్ విడివిడిగా. తందూర్ సెక్షన్. ఆంధ్ర స్పెషల్, తెలంగాణ స్పెషల్. చికెన్ ఒక్కటే డెబ్బై, ఎనభై పేర్లతో. చివర ఐస్‌క్రీమ్.

"హలీం బండి కాడ హలీం తప్ప ఏమన్నా దొరుకుతదా? బిర్యానీ హోటల్ల అందరు తినేది బిర్యానీనే, అందుకే పెద్ద హండీల దించుతరు. ఇక్కడ గట్ల కుదరదు బావా. నలుగురు దోస్తులు వస్తరు. ఒకడు శనివారం ముట్టడు, పనీర్ అంటడు. ఒకడికి మంచూరియా. ఒకడికి తలకాయ కూర. ఒకడు ఏం వద్దు, పెరుగన్నం చాలు అంటడు. ఇవన్నీ దొరకకపోతే ఆ నలుగురు పక్క పిల్లర్ కాడికి పోతరు. గా కార్డు ఓనర్ రాయలే, మనమే రాయించినం."

అమెరికాలో మెక్‌డొనాల్డ్ సోదరులు 1948లో ఈ ముడినే తెంపారు. శాన్ బెర్నార్డినో ఊళ్ళో బాగా నడుస్తున్న తమ బార్బెక్యూ హోటల్‌ను కొన్నాళ్ళు మూసేసి, మెనూని తొమ్మిది రకాలకు కుదించి, బండ్ల దగ్గరికి వెళ్ళి వడ్డించే పిల్లలను మానిపించి, కిటికీ దగ్గరే చేతికిచ్చే పద్ధతి పెట్టారు. ఆ తర్వాత కథ అందరికీ తెలుసు. వాళ్ళు వేగం ఎక్కడి నుంచో తేలేదు. కార్డులోని వరసలు కొట్టేసి సంపాదించారు. ఆ పని అత్తాపూర్ బార్‌లో ఎవరైనా చేస్తే మొదటి వారం మెచ్చుకునేదీ మనమే, రెండో వారం "ఏం దొరకదు అక్కడ" అని ఎగ్గొట్టేదీ మనమే.

"మీ నాయిన బతికుంటే నవ్వేటోడు," అన్నాడు బావ. "మామతోని నేను కల్లు కాంపౌండ్లకు పోయిన రోజులున్నయ్. కల్లు ఒకదిక్కు, తినేది ఒకదిక్కు. గేటు కాడ ఒకామె బోటి వేయించేది, ఇంకొకామె గుడాలు, ఇంకొకాయన ఎండుచేపలు. ఎవరిది వాళ్ళదే. మామ మూకుట్లకెల్లి పొగ చూసి, పైసలిచ్చి, ఆకుల కట్టించుకుని వచ్చి కూసునేటోడు. కార్డు లేదు, కెప్టెన్ లేడు, ఐదు నిమిషాలు లేవు."

"మరి గా కాంపౌండ్లు ఏమైనయ్?"

ఏమయ్యాయో ఇద్దరికీ తెలుసు. 2004లో హైదరాబాద్ నగరంలో కల్లు దుకాణాలు మూతపడ్డాయి, రాష్ట్రం విడిపోయాక 2014లో మళ్ళీ తెరిచారు. తెరిచాక పాత కల్తీ బెడదా తిరిగొచ్చింది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. దాన్ని గుర్తు చేసి బామ్మర్ది అన్నాడు: "గా బోటి మంచిదే బావా, నేనూ తిన్న. కానీ ఇప్పుడు అక్కను, పిల్లలను తీసుకుని అక్కడికి పోతవా? ఇక్కడైతే మీద ఫ్యామిలీ సెక్షన్ ఉంది."

బావ ఒక గింజ నోట్లో వేసుకుని ఊరుకున్నాడు. గేటు దగ్గర ఇదే సమయానికి వేరే గొడవ నడుస్తోంది. ఎర్ర టీషర్టు, నారింజ టీషర్టు వేసుకున్న డెలివరీ కుర్రాళ్ళు నలుగురైదుగురు ఫోన్లు పట్టుకుని ఆర్డర్ నంబర్లు అరుస్తున్నారు. వాళ్ళ ప్యాకెట్లు ఒక్కొక్కటే బయటికి పోతున్నాయి. వాటిలో ఒకదాని మీద అపోలో ఫిష్ అని రాసి ఉండటం బావ కంటపడింది.

"అదేందిరా! అది మనకంటే ముందు చెప్పిండా?"

బామ్మర్ది నిజాయితీపరుడు. "చెప్పకపోవచ్చు," అని ఒప్పుకున్నాడు. ఆన్‌లైన్ ఆర్డర్‌కు ఫోన్‌లో టైమ్ నడుస్తుంటుంది, దాటితే యాప్‌లో రేటింగ్ పడిపోతుంది, కాబట్టి కిచెన్‌లో ఆ చీటీకే ముందు చూపు. టేబుల్ మీది మనిషికి రేటింగ్ లేదు, రేపు పొద్దునకి కోపం కూడా ఉండదు. బయటివాళ్ళు ఎంతమంది క్యూలో ఉన్నారో హాల్లో ఉన్నవాడికి కనిపించదు. హాల్లో ముప్పై మందే ఉన్నారనుకుంటాం, కడాయి దగ్గర అరవై చీటీలు వేలాడుతుంటాయి.

1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ పరిశోధకుడు గణితంతో నిరూపించిన సూత్రం ఒకటి ఉంది: వరసలో ఉన్నవాళ్ళ సంఖ్య, వాళ్ళు వస్తున్న వేగాన్ని ఒక్కొక్కరు ఆగే సమయంతో గుణిస్తే వచ్చేదానితో సమానం. బ్యాంకుకైనా, టోల్‌గేటుకైనా, కిచెన్‌కైనా అదే లెక్క. నిమిషానికి ఒక ప్లేటు దించే వంటగదిలో నలభై చీటీలు ఉన్నాయంటే, ఇప్పుడు చెప్పినవాడికి నలభై నిమిషాలు. వెయిటర్ ఎంత వినయంగా ఐదు అన్నా అది నలభైయే. దాన్ని తగ్గించే దారులు రెండే: చీటీలు తగ్గాలి, లేదా ఇంకో పొయ్యి రావాలి.

"ఇంకో రేంజ్ పెట్టమను మరి," అన్నాడు బావ.

"ఎక్కడ? మనం కూసున్న ఈ టేబుల్ తీస్తే పెట్టొచ్చు."

సంవాదం మొత్తంలో బావ కాసేపు ఆలోచించింది ఇక్కడే. ఆలోచించి, అసలు అనుమానం బయట పెట్టాడు. "అంటే ఓనర్‌కు ఈ టేబులే ముద్దు. ఎందుకంటే ఇక్కడ కూసున్నోడు చేప కోసం ఆగినంతసేపు తాగుతనే ఉంటడు. నీది ఇప్పుడు రెండోది. ఫిష్ టైమ్‌కు వస్తే ఒక్కదానితోనే లేచేటోడివి. లేటు వాళ్ళకు నష్టం గాదురా, బేరం."

నాకు బావ మాటలో సగం న్యాయం కనిపిస్తుంది. బార్‌లో ఒకే టేబుల్ దగ్గర రెండు గడియారాలు తిరుగుతాయి. తాగేవాడికి ముప్పావుగంట అంటే ఒక కథ చెప్పుకునే సేపు. తినడానికే వచ్చినవాడికి అది ఖాళీ కడుపుతో చేసే ఉద్యోగం. హోటల్ మొత్తం మొదటివాడి గడియారానికే కీ ఇచ్చి ఉంటుంది. 1985లో డేవిడ్ మైస్టర్ అనే నిర్వహణశాస్త్ర రచయిత నిరీక్షణ మీద రాసిన వ్యాసంలో చెప్పింది ఇదే ధోరణి: చేతిలో పని ఉన్న మనిషికి సమయం చిన్నదవుతుంది, ఏమీ లేనివాడికి పెరుగుతుంది, ఎంతసేపో తెలియని ఎదురుచూపు, కారణం చెప్పని ఎదురుచూపు అన్నిటికన్నా పొడవైనవి. గ్లాసు చేతిలో ఉన్నవాడికి పని ఉన్నట్టే. లైమ్ సోడా ఎంతసేపని తాగుతాడు?

కానీ మిగతా సగం బామ్మర్ది వైపు ఉంది. "కుట్ర అయితే గేటు కాడ గా జనాన్ని జూడు," అన్నాడు. "టేబుల్ కోసం నిలబడ్డోళ్ళు ఇరవై మంది. మనం త్వరగ తిని లేస్తే వాళ్ళు కూసుని మొదటి రౌండ్ చెప్తరు. మొదటి గంటలనే మనిషి ఎక్కువ తాగుతడు బావా, తర్వాత ముచ్చట్లే. శనివారం లేటు ఓనర్‌కు గూడ నష్టమే. మంగళవారం వచ్చి చూడు, పన్నెండు నిమిషాల్ల ఫిష్ రాకపోతే నన్నడుగు."

"మంగళవారం నేనెందుకు వస్త? మంగళవారం మీ అక్క ఇంట్ల నీసు వండనియ్యదు, బయట తిననియ్యదు."

బావకు విమానాశ్రయాల్లో చెప్పుకునే ఒక కథ గుర్తొచ్చింది. అమెరికాలోని హ్యూస్టన్‌లో సామాన్లు ఆలస్యంగా వస్తున్నాయని ప్రయాణికులు ఒకటే ఫిర్యాదులు చేసేవాళ్ళట. మనుషులను పెంచినా ఫిర్యాదులు ఆగలేదు. చివరికి విమానం దిగే గేట్లను బ్యాగుల బెల్టుకు దూరంగా మార్చారు. జనం ఆరింతలు నడవాల్సి వచ్చింది, బ్యాగులు వచ్చేసరికి వాళ్ళూ వచ్చేవాళ్ళు. ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి. "నాకైతే గది మోసం అనిపిస్తది," అన్నాడు బావ. "ఈ గుడాలు గూడ గదే మోసం. నోట్ల ఏదో ఒకటి ఉంటే నోరు మూసుకుంటడని వెట్టిండు."

"జపాన్ల గా గుడాలకు పైసలు తీసుకుంటరు బావా."

తీసుకుంటారు, నిజమే. అక్కడి ఇజకాయా అనే తాగుడు హోటళ్ళలో కూర్చోగానే ఓతోషి అని చిన్న గిన్నెలో ఏదో ఒకటి పెట్టి, అడక్కపోయినా బిల్లులో వేస్తారు. కూర్చున్నందుకు కట్టే రుసుములాంటిది. ఇంగ్లండ్ పబ్బుల పద్ధతి ఇంకోటి: చాలా చోట్ల టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, మనమే లేచి కౌంటర్ దగ్గర చెప్పి, అక్కడే డబ్బు కట్టి, గ్లాసు మనమే మోసుకోవాలి. ఆలస్యమైతే తిట్టుకోవడానికి వెయిటరే ఉండడు. మన దగ్గర ఆ పద్ధతికి దగ్గరగా ఉండేది వైన్స్ పక్కన పర్మిట్ రూమ్. అక్కడ అంతా చకచకా అవుతుంది, ఎంత చకచకా అంటే ఎవరూ ముఖం పైకెత్తి మాట్లాడుకోరు. బావా బామ్మర్దులు అక్కడికి పోకుండా ఇక్కడికి రావడానికి కారణం ఒకటే, తిండి.

ఆ తిండి యాభై రెండో నిమిషాన వచ్చింది. బావే లెక్కపెట్టాడు.

ప్లేటు ఇంకా సన్నగా బుసకొడుతోంది. చేప ముక్కలు వేలెడంత, అంచుల్లో ఎరుపు తిరిగి, మధ్యలో పెరుగు ఆరిన తెల్లని పొర. కరివేపాకు వేలితో తాకితే పొడి అయ్యేలా వేగింది. నిలువునా చీల్చిన పచ్చిమిర్చి కారం అంతా నూనెకు ఇచ్చేసి తాను చప్పగా మిగిలింది. ముక్క కొరికితే పైన కరకర, లోపల వెన్న. పక్కన మటన్ రోస్ట్, ఎముక నుంచి మాంసం చేత్తో లాగితే వచ్చేస్తోంది, మిరియం ఘాటు గొంతులో ఆలస్యంగా తెలుస్తోంది. రోటీలు మాత్రం రెండే వచ్చాయి. మిగతా రెండు ఐదే నిమిషాలు.

కాసేపు సంవాదం జరగలేదు.

"ఎట్లుంది?" అని బామ్మర్ది అడిగాడు.

"చేపను ఏమంటలేను. చేప మంచిగనే ఉంది," అన్నాడు బావ, ఆఖరి ముక్క మీద కన్నేసి. "ఇంకో ప్లేటు చెప్పు."

"ఇంకో ముప్పావుగంట."

"చెప్పురా!"

రెండో ప్లేటు అంతసేపు పట్టలేదు. అప్పటికి కేకు కోసినవాళ్ళు వెళ్ళిపోయారు. తింటూ తింటూ వెయిటర్ టిప్పు మీద మళ్ళీ గొడవ. ఆలస్యానికి శిక్షగా ఈసారి ఏమీ ఇవ్వనని బావ. "సర్వీస్ చార్జ్ బిల్లుల ఏస్తే తీసేయమనొచ్చు, రూల్ ఉంది." ఉంది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, హోటళ్ళు సర్వీస్ చార్జిని బిల్లులో తమంతట తామే కలపకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకెళ్ళాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. ఇవ్వాలా వద్దా అన్నది తిన్నవాడి ఇష్టం.

"ఇష్టమే, కాదనలే," అన్నాడు బామ్మర్ది. "కానీ ఎవనికి కోత వెడుతున్నవ్? గా పిలగానికి. కడాయి వానిది గాదు, కార్డు వానిది గాదు, యాప్ వానిది గాదు. ఒడిశా కెల్లి వచ్చిండు, పొద్దున పదకొండు నుంచి నిలబడ్డడు. లోపల మాస్టర్ తిడుతడు, బయట నువ్వు తిడుతవ్. ఐదు నిమిషాలు అనకపోతే ఇంకేమనాలె? యాభై రెండు అంటే నువ్వు కూసుందువా?"

"కూసుందు. నిజం చెప్తే కూసుందు. మా దగ్గర ఫ్లయిట్ గంట లేటయితే గంట అని బోర్డు మీద ఏస్తం. తిడుతరు, కానీ పోయి కాఫీ తాగొస్తరు. ఐదు, ఐదు, ఐదు అని పదిసార్లు చెప్తే మాత్రం కౌంటర్ మీదికి వస్తరు. నాకు యాభై రెండు నిమిషాల మీద గాదురా కోపం, ఐదు మీద."

ఈ మాటకు బామ్మర్ది ఎదురు చెప్పలేదు. ఒప్పుకోనూ లేదు. వెయిటర్‌ను పిలిచి, పేరు అడిగి, బిల్లు తెమ్మన్నాడు.

బిల్లుకూ సమయం పట్టింది. పది నిమిషాలు, ఆపైన ఇంకా. ఇక్కడ బిల్లు ఒకటి కాదు, రెండు. మద్యం జీఎస్టీ పరిధిలోకి రాదు, దాని పన్ను రాష్ట్రానిది. తిండి మీద మాత్రం 2017 నవంబరు నుంచి ఐదు శాతం జీఎస్టీ. అందుకని బీరుకు ఒక కాగితం, చేపకు ఒక కాగితం. క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చున్నాయన ఒక చేత్తో యాప్ టాబ్లెట్, ఇంకో చేత్తో ఫోన్ చూస్తూ, మధ్యలో టీవీలో సిక్సర్ పడితే తల ఎత్తుతున్నాడు.

"చెప్పు మాస్టరూ," అన్నాడు బావ, చేతులు కట్టుకుని వెనక్కి వాలి. "దీనికేం మంట గావాలె? పెరుగు విరుగుతదా? రెండు ప్లేట్లకంటే ఎక్కువ ప్రింటు కొడితే నీళ్ళు ఊరుతయా?"

బామ్మర్ది కౌంటర్ వైపు చూశాడు, బావ వైపు చూశాడు. పదిహేనేళ్ళ వంటింటి అనుభవంలో వెతికాడు. "దీనికి జవాబు లేదు బావా," అని లేచి, తానే కౌంటర్ దగ్గరికి నడిచాడు. మిగిలిన రెండు రోటీలు అప్పుడు వచ్చాయి.